దొడ్డి తలుపు గుండా మూడు ఊళ్లు

ఇరవయ్యారేళ్లకే ఉద్యోగ విరమణ చేసిన మనిషిని నేను. ఈ మాటంటే మా ఆయన నవ్వుతాడు. విరమణ అంటే పూలదండ, శాలువా, పెద్దల ప్రసంగాలు ఉండాలట. నాకవేమీ జరగలేదు. పాప కడుపులో ఉండగా ఒకనాడు పంపు స్టవ్వు, కెటిల్, పింగాణీ కప్పులు కంపెనీకి అప్పజెప్పి ఇంటికి వచ్చేశాను. అంతే.

నా స్థానంలో అనంతపురం నుంచి ఒక అమ్మాయి వస్తోందని మొన్న తెలిసింది. బి.ఏ. చదివిందట. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో ఆమెకు కంపెనీ వాళ్లు చెప్పరు. వాళ్లకూ తెలియదు. కాబట్టి ఆమె కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ల కోసం నేను రాస్తున్నాను. పాప నిద్రపోయాక రాస్తున్నది కనక అక్కడక్కడ మాట తెగినట్టుంటే, పాప తుమ్మిందనో, తుమ్మకుండా మరీ నిశ్శబ్దంగా ఉందనో నేను లేచి వెళ్లాననుకోండి.

ఉద్యోగం పేరు, అసలు ఉద్యోగం

పేరు టీ ప్రచారకురాలు. మద్రాసులో ఒక టీ కంపెనీ ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఈ మూడు ఊళ్లూ తిరిగి, ఇళ్లలోనూ హోటళ్లలోనూ టీ కాచి చూపించి, జనానికి అలవాటు చెయ్యాలి. మన జిల్లాలో అప్పటికి టీ అంటే సాయిబుల వీధుల్లో తాగేది, లారీ డ్రైవర్లు తాగేది. కలిగినవాళ్లకు కాఫీ. మిగిలినవాళ్లకు మజ్జిగ. టీ తాగితే రంగు తగ్గుతుందని, రక్తం ఎండుతుందని, బాలింతలకు పాలు పడవని గట్టి నమ్మకాలు. చివరిదాన్ని అప్పట్లో నేను పకపకా నవ్వి కొట్టిపారేసేదాన్ని. ఇప్పుడు నేనే బాలింతను. నాలుగు నెలలుగా టీ ముట్టలేదు. శాస్త్రం మీద నమ్మకం పోయి కాదు. ఎందుకైనా మంచిదని.

కంపెనీ దృష్టిలో ఉద్యోగమంటే టీ కాయడం. నా దృష్టిలో, ఎవరూ పిలవని చోటికి వెళ్లడం, వెళ్లి మళ్లీ రమ్మనిపించుకొని రావడం. టీ దానికొక సాకు. ఇలాంటి సాకు దొరకని ఆడపిల్లలు తమ ఊళ్లోనే పక్క వీధి చూడకుండా ముసలివాళ్లవుతారు.

మా నాన్న పులివెందులలో బడిపంతులు. నన్ను చదివించాడు గానీ ఉద్యోగమంటే ఆలోచనలో పడ్డాడు. చివరికి ఒక ఒప్పందం చేశాడు. ఉద్యోగం ఈ మూడు ఊళ్లలో ఉన్నన్నాళ్లు చెయ్యి, ప్రొద్దుటూరులో మేనత్త ఇంట్లో ఉండు, కంపెనీ జిల్లా దాటి పొమ్మన్న రోజు ఇంటికి రా, వస్తే పెళ్లి. పెళ్లంటే నాకేం విరోధం లేదు. అప్పటికింకా ప్రొద్దుటూరు వీధులు సగం కూడా చూడలేదు, అంతే.

నాకు తోడు కంపెనీ బంట్రోతు ఖాదర్ మామ. యాభై దాటిన మనిషి. స్టవ్వు, పెట్టె ఆయన మోసేవాడు, కెటిల్ నేను పట్టుకునేదాన్ని. ఆయనకు టీ అంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. తిండి అంటే ప్రాణం. ఏ వీధిలో ఏ పూట ఏం వేగుతుందో గాలిని బట్టి చెప్పేవాడు.

ప్రొద్దుటూరు

అనంతపురంలో నాలుగేళ్లు చదివాను గానీ నేను చూసింది హాస్టలు గోడలనే. కాబట్టి నాకు తెలిసిన మొదటి మహానగరం ప్రొద్దుటూరు. మద్రాసు చూసినవాళ్లు నవ్వుకోవచ్చు. మద్రాసులో బంగారు అంగళ్ల ముందు ఊడ్చిన మట్టిని పొద్దున్నే జల్లెడ పట్టి, దొరికిన బంగారు రజనుతో బతికేవాళ్లు ఉన్నారా? ప్రొద్దుటూరులో ఉన్నారు. నా మొదటి టీ గిరాకీలు వాళ్లే. చేతులు మట్టిలో, కళ్లు మట్టిలో, నోరు మాత్రం ఖాళీ. నేను కప్పు అందిస్తే ఒకామె, మింగేటప్పుడు పంటికి ఏదైనా తగిలితే అది మాదే గదా అని అడిగింది.

వీధి మారితే దేశం మారినట్టుండేది. బంగారు అంగళ్లు దాటితే మగ్గాల చప్పుడు. ఇంటింటా ఒకటే తాళం. ఆ తాళానికి మనకు తెలియకుండానే నడక మారుతుంది. అక్కణ్ణుంచి పత్తి మిల్లులు. ఆ వీధిలోంచి బయటికి వస్తే నా జడకు, ఖాదర్ మామ గడ్డానికి ఒకేసారి వయసు మీదపడేది. తర్వాత చెనక్కాయల నూనె గానుగలు, ఆ వాసనకే ఆకలి. ఆ పైన సాయిబుల వీధి. అత్తరు, కీమా, కాగుతున్న డికాషన్. మా మేనత్త ఇంటికి వెళ్లే ముందు ఆ వాసనలన్నీ పోవడానికి నేను కొంగు గాలికి పట్టుకొని నడిచేదాన్ని.

మొదటి పాఠం ఇక్కడే చెబుతాను, రాసుకో అమ్మాయీ. హోటల్లోకి ముందు వాకిలి గుండా పోవద్దు. ముందు వాకిలిలో ఆడమనిషి కనబడితే తినేవాళ్ల చేతులు ఆగిపోతాయి, ఓనరు మొహం మాడిపోతుంది. నిన్ను తీసుకెళ్లి తెర కట్టిన గదిలో కూర్చోబెడతారు, అక్కడ దోమలు తప్ప ఎవరూ ఉండరు. దొడ్డి తలుపు గుండా పో. వంటింట్లో ఆడమనిషిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. నేను ఆ ఊళ్లో ఏ హోటల్లోనూ బల్ల ముందు కూర్చోలేదు. కానీ ప్రతి హోటలు వంటిల్లూ నాకు తెలుసు. పెనం మీదినుంచి నేరుగా చేతిలోకి వచ్చిన ఎర్రకారం దోసె బల్ల దగ్గర కూర్చున్న మగవాడికి దొరకదు. వాడి దగ్గరికి పోయేసరికి అది చల్లారిపోతుంది. బొరుగుల ఉగ్గాని మూకుట్లో ఉండగానే తిన్నాను. ఓళిగ, అదే బొబ్బట్టు, నెయ్యి కారుతుండగా తిన్నాను. సాయిబుల హోటళ్లలో కీమా ఉండలు ఖాదర్ మామ రుచి చూసి, బాగుందని తల ఊపితే అప్పుడు తిన్నాను. ఆ మూడేళ్లలో నాకు రెండుసార్లు జాకెట్లు వదులు చేయించారు. మేనత్త మాత్రం, పాపం ఎండలో తిరిగి తిరిగి పిల్ల చిక్కిపోతోందని మా నాన్నతో అనేది.

తిన్నాను గానీ టీ మాత్రం అమ్ముడుపోలేదు. కాఫీ హోటళ్లవాళ్లు నన్ను ఆదరించారు, టీని ఆదరించలేదు. ఒక ఓనరు నిజాయితీగా చెప్పాడు. "పాపా, నువ్వు రోజూ రా, దోసె తిను. టీ మాత్రం వద్దు. ఒక పొయ్యి మింద కాఫీ, ఇంగో పొయ్యి మింద టీ అంటే, ఇద్దరు పెండ్లాలున్నట్ల."

మేనేజరు గారు

ఒక్క పై అధికారి గురించే చెబుతాను, ఎందుకంటే నాకున్నది ఒక్కరే. మద్రాసు మేనేజరు గారు. పొడుగు మనిషి, గంజి పెట్టిన చొక్కా. తన కప్పు తాను మెత్తటి గుడ్డసంచిలో పెట్టుకొని తిరిగేవారు. చెడ్డవారు కాదు. నియమాలను మనుషుల కంటే ఎక్కువ నమ్మేవారు. టీకి ఆయన నియమాలు వేదం. కెటిల్‌ను ముందు వేడినీళ్లతో కడిగి ఆ నీళ్లు పారబోయాలి. ఆకును మరిగించకూడదు, నాననివ్వాలి. పాలు, చక్కెర విడిగా ఇవ్వాలి. బెల్లం అన్న మాట ఆయన ముందు ఎత్తకూడదు.

కొత్తగా చేరేవాళ్లకు నా నిక్కచ్చి అభిప్రాయం ఇది. నియమాలు రాసినవాడు ఏ ఊళ్లో కూర్చొని రాశాడో కనుక్కో. నేను కనుక్కోలేదు.

పులివెందులలో నా ఘనకార్యం

పులివెందులలో మొదటిసారి కాచి చూపించింది మా వీధికి మూడు వీధుల అవతల, నాగమ్మవ్వ దొడ్లో. ఎండాకాలం. వీధి ఆడవాళ్లంతా వచ్చారు. పంతులు కూతురు ఏదో చేస్తుందట, చూద్దామని. ఒకామె కడవతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి వస్తాయో ఆ ఊరి పిల్లనైన నాకు తెలియంది కాదు. కానీ ఆ నిమిషంలో నేను ఊరి పిల్లను కాను, కంపెనీ మనిషిని. నీళ్లు కాచాను. కెటిల్ నింపాను. గుండ్రంగా తిప్పి, అందరికీ కనబడేట్టు చెయ్యెత్తి, ఆ నీళ్లన్నీ మట్టిలో పారబోశాను.

మట్టి ఒక్క క్షణంలో తాగేసింది. నాగమ్మవ్వ ఆ తడి మచ్చను చూస్తూ, "నీళ్లు కాంచి నేలకు తాపిస్తివే పాపా," అంది. "నేలకు టీ రుచి తెలుస్తాదా?"

తర్వాత నేను ఎంత మంచి టీ చేసినా ఎవరూ తాగలేదు. సాయంత్రానికి మా నాన్నకు తెలిసింది. బడిలో పిల్లలు ఆయన్నే అడిగారట, మీ ఇంట్లో నీళ్లు పారబోస్తారా సార్ అని. వారం తర్వాత నేను మళ్లీ వెళ్లాను. కడిగిన నీళ్లను ఈసారి నాగమ్మవ్వ ఎనుము తాగే కుడితి తొట్టిలో పోశాను. నియమమూ తప్పలేదు, చుక్కా పోలేదు. అవ్వ తొట్టిలోకి తొంగిచూసి, ఇంగ మా ఎనుము టీ లేనిదే పాలియ్యనంటే నీ కంపెనీవాళ్లే వచ్చి పితకాల అంది. నవ్వింది కాబట్టి వీధంతా నవ్వింది. ఆ రోజు టీ తాగారు.

ఆ తర్వాత నేను వారానికోసారి వెళ్లేదాన్ని. వాళ్లు మధ్యాహ్నం పూట అవ్వ దొడ్లో చేరడం మొదలుపెట్టారు. ఎవరి గ్లాసు వాళ్లు ఇంటినుంచి తెచ్చుకునేవారు. ఒకరి గ్లాసులో ఇంకొకరు తాగరు. అది నాకు నచ్చలేదు, మార్చాలని చూశాను, మారలేదు. ఆకును నీళ్లు, పాలు, బెల్లం, శొంఠితో కలిపి ఉడకబెట్టేవాళ్లు. ఉడకబెట్టకూడదని నేను చెబుతూనే ఉన్నాను, వాళ్లు తలలు ఊపుతూనే ఉన్నారు. ఇది మేనేజరు గారికి చెప్పగలిగిన సంగతి కాదు. కాబట్టి ఎన్నడూ చెప్పలేదు.

కర్నూలు మాట

అప్పట్లో కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ఆఫీసులన్నీ అక్కడికి చేరాయి. ఆఫీసులుంటే గుమాస్తాలుంటారు, గుమాస్తాలుంటే టీ తాగుతారు. మేనేజరు గారికి ఈ లెక్క చాలా నచ్చింది. ప్రొద్దుటూరు వచ్చి నన్ను పిలిచి, ఈ మూడు ఊళ్ల ప్రచార కేంద్రాన్ని కర్నూలుకు మార్చాలనుకుంటున్నామని చెప్పారు. ఆ రాజధాని తర్వాత హైదరాబాదుకు వెళ్లిపోయింది, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం నాకు నాన్న ఒప్పందం గుర్తొచ్చింది. కేంద్రం పోతే నేను పులివెందుల పోతాను. నాన్న మాట ఖాయం.

ఒక అవకాశం ఇవ్వమని అడిగాను. ఆయన ఆలోచించి, "మూడు ఊళ్లలో ఒక్కచోటు చూపించు," అన్నారు. "ఇంతకుముందు టీ ముట్టనివాళ్లు, కంపెనీ మనిషి పక్కన లేకుండా, తమంతట తామే రోజూ టీ తాగే చోటు. ఎండాకాలం పోయాక వస్తాను. అదొక్కటి చూపిస్తే కేంద్రం ఇక్కడే."

నేను లోపల ఎగిరి గంతేశాను. అలాంటి చోటు నా దగ్గర ఉంది మరి.

ఓబులేసు అంగడి

జమ్మలమడుగులో పెన్న వైపు పోయే దారిలో ఓబులేసు అని ఒకడు అంగడి పెట్టాడు. మద్యనిషేధం రాకముందు అది సారా అంగడి. నిషేధం వచ్చాక ఓబులేసు బుద్ధిగా టీ అంగడి చేశాడు. మా కంపెనీ టీ పొడి ప్రొద్దుటూరు హోటళ్లన్నీ కలిసి కొనేదానికంటే ఎక్కువ కొనేవాడు. నేను ఎప్పట్లాగే దొడ్డి తలుపు గుండా వంటింట్లోకి వెళ్లేదాన్ని. పెద్ద అండాలో చిక్కటి డికాషన్ కాగుతుండేది.

పాలేవి అని అడిగాను మొదటిసారి. "మావోళ్లకు పాలు పడవు పాపా," అన్నాడు. చక్కెర? అదీ వద్దంటారట. తినడానికి మాత్రం ఉడకబెట్టిన చెనక్కాయలు, మిరపకాయ బజ్జీలు పెట్టేవాడు. నాకు ఆనందంతో ఒళ్లు పులకరించింది. పాలు, చక్కెర లేకుండా ఆకు రుచి కోసమే తాగడం మేనేజరు గారు కూడా ఎప్పుడూ సాధించలేని శిఖరం. ఎంత శుద్ధమైన టీ ప్రియులు మామా అన్నాను బయటికి వచ్చి. ఖాదర్ మామ ఆకాశం వైపు చూసి, "శానా శుద్ధమైనోళ్లు పాపా," అన్నాడు.

ఇంకా గమనించాను. వచ్చేటప్పుడు మనుషులు మొహాలు వేలాడేసుకొని వచ్చేవారు. వెళ్లేటప్పుడు పొలం గట్ల తగాదాలున్నవాళ్లు కూడా భుజాల మీద చేతులేసుకొని వెళ్లేవారు. టీ అలసట తీర్చి ఉల్లాసమిస్తుందని కంపెనీ ప్రకటనలో ఉండేది. అది నిజమని నేను కళ్లారా చూశానని అందరికీ చెప్పాను. మా నాన్నకు కూడా.

సారు వచ్చిన రోజు

మేనేజరు గారు చెప్పినట్టే వచ్చారు. ముందు రోజే నేను ఓబులేసును హెచ్చరించాను. అధికారి వస్తే ప్రత్యేకంగా చేసి పెట్టడం అంగళ్లవాళ్లకు అలవాటు. తర్వాత అది బయటపడితే పరువు పోతుంది. అందుకే, సారుకు కూడా అందరికీ పోసేదే పొయ్యాలి, వేరేది వద్దు అన్నాను. ఓబులేసు కాసేపు నన్ను చూశాడు. అదేనా పాపా అని మళ్లీ అడిగాడు. అదే అన్నాను, అధికారంగా.

సారు ముందు గదిలో బల్ల మీద కూర్చున్నారు. ఖాదర్ మామ ఆయన పక్కన నిలబడ్డాడు. నేను వంటింట్లో తడిక వెనక. సారు సంచిలోంచి తన కప్పు తీశారు. ఓబులేసు పోశాడు. ఒక గుక్క చప్పుడు వినబడింది. నేను తడికకు చెవి ఆనించాను.

"ఇది ఏ ఆకు?" అన్నారు సారు.

"మీ కంపెనీదే సార్."

"ఎంతసేపు నాననిచ్చావు?"

"వారం సార్," అన్నాడు ఓబులేసు.

ఇంకొక కప్పు పొయ్యమన్నారు. తుది నిర్ణయానికి రావాలంటే ఒక్క కప్పు చాలదన్నారు. రెండో కప్పు తర్వాత బజ్జీ తెప్పించుకున్నారు. మూడో కప్పు తర్వాత తన చిన్నతనం చెప్పడం మొదలుపెట్టారు. తనకు వయొలిన్ నేర్చుకోవాలని ఉండేదట, నాన్నగారు టీలో పడేశారట. అంగట్లో ఉన్న రైతులంతా అయ్యో అన్నారు. ఒకాయన సారు భుజం మీద చెయ్యి వేశాడు. సారు ఆ చేతిని తీసెయ్యలేదు. పైగా, కర్నూల్లో ఏముంది, ఆఫీసులు, ఇక్కడ మనుషులున్నారు, కేంద్రం ఇక్కడే ఉంటుంది అని గట్టిగా ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను తడిక వెనక చిన్నగా గంతులేశాను. నిజంగానే. ఆ ఆనందంలో, ఇంత మహిమ గల టీని నేనే ఇంతవరకు తాగలేదే అనిపించి ఒక గ్లాసు తీసుకొని, ఓబులేసు అందరికీ పోస్తున్న పక్క కుండలోంచి వంచుకోబోయాను. ఓబులేసు పరుగున వచ్చి గ్లాసు పట్టుకున్నాడు.

"నీకొద్దు పాపా."

"ఎందుకొద్దు?"

ఓబులేసు తల గీరుకున్నాడు. అప్పటికే గ్లాసు నా ముక్కు దాకా వచ్చింది. పాలెందుకు లేవో, చక్కెర ఎందుకు వద్దన్నారో, పగవాళ్ల భుజాల మీద చేతులెందుకో అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. ఆ అండాలో ఉన్నది టీయే. పక్క కుండలో సారా. సారాను టీ రంగులో ముంచి అమ్ముతున్నాడు, ప్రొహిబిషన్ పోలీసులు తొంగిచూస్తే టీ కనబడేట్టు.

సారును ఖాదర్ మామ నడిపించుకొని ముసాఫరు బంగళాకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక అడిగాను, నీకు తెలుసు గదా మామా అని. ఆయన నేల చూపులు చూశాడు. "తెలుసు పాపా. నువ్వంత సంతోషపడతాంటే యాడ చెప్పేది?"

బస్సులో

మరునాడు పొద్దున ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాం. సారు తలకు తడి తువ్వాలు చుట్టుకున్నారు. గుంతలు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకునేవారు. నేను చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే కేంద్రం ఉంటుంది, నేనూ ఉంటాను. కానీ ఏ రోజో ఒకరోజు పోలీసులు ఆ కుండ చూస్తారు. కంపెనీ పేరున్న డబ్బాలు దాని పక్కనే ఉంటాయి. ముద్దనూరు దాటాక నోరు విప్పాను.

"సార్, నిన్న మీరు తాగింది టీ కాదు."

"మొదటి గుక్కకే తెలిసిందమ్మా."

"మరి రెండో కప్పు?"

"మొదటి అభిప్రాయం పొరపాటు కావచ్చు గదా," అన్నారు. మూడోదాని గురించి నేను అడగలేదు.

ఆ తర్వాత ఆయన గొంతు మామూలైంది. ఆ అంగడికి ఇక మన పొడి అమ్మకూడదు, దాన్ని లెక్కలోకి తీసుకోలేను, నిన్న నేను చేసిన ప్రకటన కూడా లెక్కలోకి రాదు అన్నారు. నువ్వు నిజం చెప్పావు, దానివల్ల నీకు మంచిపేరు వస్తుంది, కేంద్రం మాత్రం నిలవదు అన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా వచ్చే ప్రతి మైలురాయీ పులివెందులను ఇంకొంచెం దగ్గరికి లాగుతోంది. అటు నుంచి అటే నాన్నకు చెప్పేసి, ప్రొద్దుటూరుకు పెట్టె కోసం ఒక్కసారి వెళ్లొస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను.

గోడ ఈతట్టు

బస్టాండులో దిగేసరికి మధ్యాహ్నం. సారుకు తలనొప్పి. ఎక్కడైనా టీ దొరుకుతుందా అన్నారు. టీ ప్రచారకురాలు తిరిగిన ఊరి బస్టాండులో రంగుసోడా తప్ప ఏమీ లేదు. సిగ్గుపడి, నాకు తెలిసిన అవ్వ ఉంది, ఆమె ఇంట్లో కాచి ఇస్తానన్నాను. నా ఉద్దేశం ఆయన తలనొప్పి తగ్గించడమే, ఇంకేమీ లేదు.

సందు మలుపు తిరగ్గానే దొడ్డిగోడ అవతలినుంచి నవ్వులు. ఒకళ్లో ఇద్దరో కాదు. వీధి వీధంతా లోపల ఉన్నట్టు. సారు ఆగారు. లోపల పెళ్లా అని అడిగారు.

"కాదు సార్. మధ్యాహ్నం టీ."

ఆయన తలమీది తువ్వాలు తీసి నా వైపు చూశారు. తర్వాత నేరుగా దొడ్డి తలుపు వైపు నడిచారు. నాగమ్మవ్వ అప్పుడే కుడితి పొయ్యడానికి బయటికొచ్చి, చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడికప్పా పోతాండావు? లోపల ఆడోళ్లుండారు."

"నేను టీ కంపెనీ మేనేజరును."

"నువ్వు కలెక్టరువైనా గోడ ఈతట్టే," అంది అవ్వ. "ఆ బండ మింద కూచో. పంపిస్తా."

ఆయన ఎనుము పక్కన బండ మీద కూర్చున్నారు. కంచు గ్లాసులో టీ గోడమీంచి వచ్చింది. తన కప్పు సంచిలోంచి తీయబోయి, మానుకున్నారు. ఒక గుక్క తాగారు.

"ఆకు ఉడకబెట్టారు."

"అవును సార్."

"బెల్లం. శొంఠి కూడా."

"అవును సార్."

"కంపెనీ నియమం ఒక్కటీ పాటించలేదు."

"ఒక్కటి కూడా లేదు సార్," అన్నాను. దాచడానికి ఇంకేముంది గనక.

ఆయన గ్లాసు అడుగుదాకా తాగారు. నుదురు రుద్దుకొని చూసుకున్నారు, నొప్పి ఉందా పోయిందా అన్నట్టు. ఆ తర్వాత అవ్వను అడిగారు, ఇది రోజూ ఉంటుందా, ఈ అమ్మాయి వచ్చి కాస్తుందా అని. అవ్వకు ఆ ప్రశ్న నచ్చలేదు.

"ఆ పాప వారానికొకసారి వస్తాది. వచ్చి ఉడకబెట్టొద్దంటాది. అది పొయినాక మేం ఉడకబెట్టుకుంటాం."

"ముందు ఎప్పుడైనా టీ తాగేవాళ్లా మీరు?"

"యాడిదప్పా? ఈ పాప వచ్చిందాంక మాకు దాని మొగమే తెలీదు."

సారు లేచి నిలబడ్డారు. ఎంతమంది ఉన్నారు, ఒక్కసారి చూడొచ్చా అన్నారు. మర్యాదగానే అడిగారు. అవ్వ తల అడ్డంగా ఊపింది. కానీ ఆయన మొహం చూసి ఏమనుకుందో, లోపలికి తిరిగి కేకేసింది.

"మ్మే, తాగినోళ్లంతా గ్లాసులు గోడ మింద పెట్టండి. ఈయప్ప చూడాలంట. ఆడోళ్లను చూడనియ్యం గానీ గ్లాసులు చూసిపోనీ."

లోపల గుసగుసలు, కిసకిసలు. తర్వాత గాజుల చెయ్యి ఒకటి పైకి లేచి గోడమీద ఒక ఇత్తడి గ్లాసు పెట్టింది. దాని పక్కన ఇంకో చెయ్యి, సత్తు గ్లాసు. ఆ పక్కన కంచు చెంబు. మట్టి ముంత. చిలుం పట్టిన రాగి గ్లాసు. చెవి విరిగిన పింగాణీ కప్పు. చేతులు లేస్తూనే ఉన్నాయి, పచ్చబొట్ల చేతులు, రంగు గాజుల చేతులు, గాజుల్లేని చేతులు. గోడ ఈ కొసనుంచి ఆ కొసదాకా గ్లాసులు నిండిపోయాయి. స్థలం లేక ఎవరో ఒక గ్లాసు మీద ఇంకో గ్లాసు పెట్టబోతే, నాది ముట్టొద్దని లోపల చిన్న తగాదా కూడా అయింది. ఖాదర్ మామ నెత్తిన పెట్టుకున్న స్టవ్వును కిందికి దించాడు.

సారు గోడ వెంబడి మెల్లగా నడిచారు. ఒక్కొక్క గ్లాసులోకి తొంగిచూశారు. అడుగున మిగిలిన ఆకు, బెల్లం మడ్డి. మధ్యలో ఒకచోట ఆగి, నా వైపు తిరక్కుండానే, కర్నూలు లేదమ్మా అన్నారు. నాకు ఏం చెయ్యాలో తోచక కెటిల్‌ను చంకలో పెట్టుకొని గట్టిగా అదుముకున్నాను.

ఆయన చివరి గ్లాసు దగ్గరికి వెళ్లారు. అందులో ఇంకా సగం టీ ఉంది, పొగ వస్తోంది. గోడ అవతలినుంచి ఒక పడుచు గొంతు వినబడింది.

"అది నాది. నేనింగా తాగలే. ఇట్లియ్యప్పా."

మేనేజరు గారు మునివేళ్ల మీద నిలబడి, చుక్క తొణక్కుండా, రెండు చేతులతో ఆ గ్లాసును గోడ అవతలికి అందించారు.